చెల్లెలి భయం

నా సెలూన్‌లో పనికి చేరిన వారం తిరక్కుండానే ఆ కుర్రాడు ఒక మనిషిని కుర్చీలోంచి లాగి నేల మీద పడేశాడు. పడిన మనిషి ఎవరో కాదు, ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియో ఆయన. మంచివాడే గానీ చొక్కా మడత నలిగితే ఊరుకోడు. సగం గడ్డం గీశాను, మిగతా సగం మీద నురగ ఉంది. పక్క కిరాణా కొట్టాయన భోజనానికి వెళ్తూ షట్టర్‌ని ధడేల్మని దించాడు. అంతే, కుర్రాడు చేతిలో తువ్వాలు వదిలేసి, స్టూడియో ఆయన్ని నడుం పట్టి కిందికి లాగి, ఆయన తల మీద రెండు చేతులూ కప్పి బోర్లా పడుకున్నాడు. నా కత్తి ఆ క్షణంలో గాల్లో ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఈ కథ పోలీసులు చెప్పేవారు.

"కాలు జారింది బాబాయ్," అన్నాడు లేచాక. మొహం తెల్లగా పాలిపోయింది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆ రోజు కింద పడ్డ తువ్వాలు తీసి వాడి చేతికే ఇచ్చాను. స్టూడియో ఆయన చొక్కాకి అంటిన నురగ తుడుచుకుని, "నేల మరీ నున్నగా ఉందయ్యా," అంటూ మళ్ళీ కుర్చీ ఎక్కాడు.

వాడూ వాడి చెల్లెలూ యుద్ధం నుంచి తప్పించుకుని మా దేశం వచ్చారు. వాడికి పందొమ్మిదేళ్ళు, దానికి తొమ్మిది. అమ్మానాన్నలు ఇంటితోపాటే పోయారు. బాంబులు పడుతున్నంతసేపూ నేలమాళిగలో చెల్లెల్ని పడుకోబెట్టి, దాని మీద తను అడ్డంగా పడుకుని, చెవులు మూసి "అయిపోయింది, అయిపోయింది" అంటూ ఉండేవాడట. వెంట్రుకలు ఊడుస్తూ ఒక్కసారి చెప్పాడు. చెప్పి, ఏదో తప్పు చేసినవాడిలా మూలకెళ్ళి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు. సెలూన్ మీది గది వాళ్ళకి ఇచ్చింది మా ఆవిడ. ఇచ్చేశాక నాకు చెప్పింది. మా ఇంట్లో పద్ధతి అదే.

కుర్రాడు పడిన మర్నాడు, చెల్లెలు బడి నుంచి వస్తూ వీధిలో ప్రతి కొట్టు ముందూ ఆగింది.

"షట్టర్ మెల్లగా దించుతారా అంకుల్? చప్పుడంటే నాకు భయం."

ఆఖరున నా దగ్గరికొచ్చింది.

"భయం నీకా?" అన్నాను.

"నాకే," అంది, రెప్ప వెయ్యకుండా.

ఆ కళ్ళలో భయమన్నది మచ్చుకైనా లేదు. నాకంతా అర్థమైంది. కానీ అంత చిన్నపిల్ల అంత పెద్ద అబద్ధం ఎత్తుకున్నాక దాన్ని దింపడానికి నేనెవణ్ణి? సరేనన్నాను.

అప్పట్నుంచి వీధి వీధంతా సొంత కొట్లని దొంగల్లా చప్పుడు చెయ్యకుండా మూసుకుంది. కిరాణా ఆయన షట్టర్ పట్టాలకి నూనె కూడా రాశాడు, ఒక్క నూనె చుక్క ఊరికే ఒలకనివ్వని మనిషి. నా షట్టర్ నేనే దించేవాణ్ణి, కుర్రాడి చేతికి షట్టర్ లాగే కొక్కెం కర్ర ఇచ్చేవాణ్ణి కాదు.

ఒకరోజు ఆ కిరాణా ఆయనే గడ్డం చేయించుకుంటూ, "మీ చెల్లెలు పాపం భలే భయస్థురాలయ్యా," అన్నాడు.

"అవునండీ, చిన్నప్పట్నుంచీ పిరికిది," అని కుర్రాడు నవ్వాడు.

చెల్లెలు అక్కడే బెంచీ మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. అదీ నవ్వింది, అన్న నవ్వాడు కదా అని. నాకు ఒళ్ళు మండిపోయింది. చెంప పగలగొడదామన్నంత కోపంతో తిరిగి చూస్తే, వాడు కడిగిన దువ్వెననే మళ్ళీ మళ్ళీ కడుగుతున్నాడు. తల ఎత్తలేదు. ఆ పూట అన్నం ముట్టలేదని మా ఆవిడ చెప్పింది. వీధిలో ఎవరు షట్టర్ మెల్లగా దించినా వాడి తల వంగిపోయేది. మా మంచితనం వాడికి రోజూ వాత పెట్టినట్టే ఉండేదని నాకు తెలుసు. తెలిసీ ఏం చెయ్యాలో తోచలేదు.

ఇంతలో పిల్లల సంక్షేమం చూసే ఆఫీసరమ్మ వచ్చింది. పందొమ్మిదేళ్ళవాడు చెల్లెల్ని పెంచగలడా లేదా అన్నది తేల్చాల్సింది ఆవిడే. ముందే వీధిలో అందర్నీ అడిగి వచ్చింది. అందరూ మంచిగానే చెప్పారు. మంచిగా చెప్తూ చెప్తూ, పాపం పాపకి భయం, మేం షట్టర్లు కూడా మెల్లగా దించుతాం అని గొప్పగా చెప్పుకున్నారు.

"బాబూ, నువ్వు బాగానే చూసుకుంటున్నావు. కానీ పాప భయం మామూలుది కాదు," అంది ఆవిడ నెమ్మదిగా. "మా హోమ్‌లో డాక్టరుంది. నయమయ్యేదాకా పాప అక్కడుంటే మంచిది. ఆదివారాలు నువ్వొచ్చి చూడొచ్చు."

కుర్రాడు నా వంక చూశాడు. చెప్పొద్దని బతిమాలుతున్నట్టే ఉంది ఆ చూపు. నా నాలుక దురద పెట్టింది, కరుచుకున్నాను.

చెల్లెలే ముందు నోరు విప్పింది. "సరే మేడమ్, వెళ్తాను. నా పుస్తకాలు తెచ్చుకోవచ్చా?"

వాడు మూలనున్న కొక్కెం కర్ర అందుకున్నాడు. ఎందుకో నాకు తట్టేలోపే షట్టర్‌కి తగిలించి ఉన్న బలమంతా పెట్టి కిందికి లాగాడు. ధడేల్మంది. అద్దాలు అదిరాయి. ఆఫీసరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. కుర్రాడు కర్ర వదిలేసి కుర్చీ కిందికి దూరిపోయాడు.

పిల్ల మాత్రం ఉలిక్కిపడలేదు. చేతిలో పెన్సిల్ పుస్తకంలో పెట్టి మూసి, గబగబా వెళ్ళి వాడి మీద బోర్లా పడుకుంది. చిన్న చేతులు, వాడి చెవులకి సరిగ్గా చాలలేదు. "అయిపోయింది అన్నా, అయిపోయింది," అంది.

కింది నుంచే వాడి గొంతు వచ్చింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. "మేడమ్, భయం నాది. నా పరువు పోకూడదని అది తన మీదేసుకుంది. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. పైగా పిరికిదని నవ్వాను. దాన్ని తీసుకెళ్ళకండి. డాక్టర్ దగ్గరికి నన్ను పంపండి."

ఆఫీసరమ్మ కుర్చీ పక్కన నేల మీద, ఆ వెంట్రుకల్లోనే చతికిలబడింది. "పంపుతాను. తప్పకుండా వెళ్ళాలి. పాప ఎక్కడికీ వెళ్ళదు," అంది.

నేను షట్టర్ ఎత్తేసరికి వీధంతా నా గుమ్మం ముందుంది.

"నీకు బుద్ధుందా అసలు? పసిపిల్ల ఉండగా షట్టర్ అలా లాగుతావా?" కిరాణా ఆయన నా మీద విరుచుకుపడ్డాడు. నేనూ వడ్డీతో సహా జవాబు చెప్పబోయాను. అప్పటికే కుర్రాడు నన్ను దాటి గుమ్మంలోకి వచ్చాడు. బట్టల నిండా వెంట్రుకలు.

"బాబాయ్‌ని తిట్టకండి. లాగింది నేను. భయపడేదీ నేనే, అది కాదు."

కిరాణా ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"మాకు తెలుసులే నాయనా," అన్నాడు స్టూడియో ఆయన. "ఆ రోజు బాంబు పడిందనుకుని నువ్వు కప్పింది నా తలే కదా. భయం తనదని పాప అంది. సరే, తనదే అనుకుందాం అనుకున్నాం."

ఆ రహస్యాన్ని నేనొక్కణ్ణే కాపాడుతున్నానని ఇన్నాళ్ళూ లోలోపల మురిసిపోయాను. నాకు తల కొట్టేసినట్టయింది. నా సంగతి అలా ఉంచండి. చెల్లెల్ని పిరికిదని వాడు నవ్విన రోజు ఆ మాట విన్నవాళ్ళంతా నిజం తెలిసే విన్నారు. అది వాడికి అప్పుడు తట్టినట్టుంది, రెండు చేతులతో మొహం కప్పేసుకున్నాడు. నలుగురిలోనూ భోరుమని ఏడ్చాడు.

చెల్లెలు వెనక నుంచి వచ్చి వాడి చొక్కా పట్టి లాగింది.

"అన్నా, అయితే ఇంక నేను భయపడక్కర్లేదా?"

వాడు తల ఊపాడు. "అక్కర్లేదు" అని నోటితో చెప్పడానికి చాలాసేపు పట్టింది.