తర్వాత చేర్చినవి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురం. మేడ మీది గదిలో మా పెదనాన్న కూతురు, అంటే అక్క, అక్కతో కలిసి గోడల మీద బొమ్మలు వేసే మీసాలాయన, నేను. కింద వరండాని మూసి కట్టిన గదిలో బట్టలు కుట్టే అమ్మమ్మ, మంచం దిగలేని ఆమె తమ్ముడు. ఆమె నాకు చుట్టం కాదు. వీధి వీధంతా అమ్మమ్మా అనే పిలుస్తుంది, నాకూ అదే అలవాటైంది. పదింటికి పాత కట్టడాలు చూసే సర్కారు ఆఫీసు నుంచి సర్వేయరు వచ్చాడు. ఆయనతో ఆరుగురు.

మా ఊరి బళ్ళో పదో తరగతి పరీక్షలు రాసి, సెలవులకని అక్క దగ్గరికి వచ్చాను. అక్కావాళ్ళు పదిమంది బొమ్మలేసేవాళ్ళు ఒక గుంపు. పాత ఇళ్ళు కూల్చొద్దని, వాటిలో అద్దెకున్నవాళ్ళని వెళ్ళగొట్టొద్దని బొమ్మలు వేస్తారు, రోడ్డు మీద కూర్చుంటారు, పోలీస్ స్టేషన్‌కీ వెళ్ళొస్తారు. ఈ ఇంటిని కూల్చేస్తానని యజమాని అన్నప్పుడు వీధి వైపు గోడంతా అమ్మమ్మ మొహమే వేశారు. రెండంతస్తుల ఎత్తు.

"నా ముక్కు మరీ అంతుందిట్రా?" అని ఆమె మీసాలాయన్ని నిలదీసిందట.

"గోడ పెద్దదైపోయింది అమ్మమ్మా, నేనేం చెయ్యను?" అన్నాడట ఆయన.

ఏడాది పోరాడాక ఆఫీసువాళ్ళు దిగొచ్చారు. ఇంటి వివరాలన్నీ రాసిస్తే, కూల్చకూడని కట్టడాల్లో చేరుస్తామన్నారు. "నీ చేతిరాత బావుంటుంది కదా, నువ్వు రాయవే," అంది అక్క. నలుగురిలో నాకు నోరు పెగలదు గానీ, రాయమంటే ప్రాణం లేచొస్తుంది. నలభై పేజీలు రాశాను. మెట్లు, రంగు అద్దాలు, కిటికీ కమ్మీలు, ఏదీ వదల్లేదు. ప్రతిదానికీ ఎదురుగా 'మొదటిది' అనో, 'తర్వాత చేర్చినది' అనో రాయాలి. "అన్నీ పాతవే అంటే నమ్మరు. నిక్కచ్చిగా రాయి," అంది అక్క.

అమ్మమ్మ గది ముప్పై ఏళ్ళ కిందట ఆమె భర్త వరండాకి చెక్కలు కొట్టి కట్టినది. కొలవడానికి అమ్మమ్మే తన టేపిచ్చి రెండో కొస పట్టుకుంది. "వదులుగా పట్టుకోకే, కొలత తప్పుతుంది," అని కసిరింది కూడా. 'వరండాలో చెక్క గది. తర్వాత చేర్చినది' అని గుండ్రంగా రాశాను.

సర్వేయరు ఇచ్చిన కాగితం మొదటి పేజీ అక్క పైకే చదివింది. ఇల్లు కూల్చకూడదు. మీసాలాయన ఈల వేశాడు. అక్క రెండో పేజీ తిప్పింది. పైకి చదవకుండా, అదే పేజీని మళ్ళీ మొదట్నించి చూసుకుంది.

"ఏమైంది?" అన్నాడు మీసాలాయన.

"తర్వాత చేర్చినవన్నీ వారంలో తీసేసి, ఇంటిని మొదటి రూపానికి తేవాలట."

సర్వేయరు టీ గ్లాసు కింద పెట్టాడు. "మామూలేనమ్మా అది. కాపాడటమంటే అదే కదా."

"ఆ గదిలో మనుషులున్నారు సార్!"

"ఉన్నారని ఎక్కడ రాశారో చూపించండి."

అక్క మా నలభై పేజీలూ తిప్పింది. మొదట్నించి ఒకసారి, చివర్నించి ఒకసారి. తలుపు గొళ్ళేల సంఖ్య ఉంది. పగిలిన అద్దాల సంఖ్య ఉంది. బయట గోడ మీద అంత మొహం వేసినవాళ్ళం, లోపల కాగితంలో ఆమె గురించి ఒక్క ముక్క రాయలేదు. ఏ గదిలో ఎవరుంటున్నారో రాయాలని మా ఎవరికీ తట్టలేదు.

"ఇది తప్పని అర్జీ పెడతాం," అన్నాడు మీసాలాయన.

"పెట్టండి. ఫైలు మళ్ళీ మొదటికొస్తుంది, ఈ ఆర్డరు ఆగిపోతుంది. యజమాని మనుషులు కాసుక్కూచున్నారు. రేపే కూల్చే మిషను తెస్తారు. అప్పుడు ఆ గదీ ఉండదు, ఈ మేడా ఉండదు. మీ ఇష్టం."

ఆయన మెట్లు దిగుతుంటే వెనకాలే పరిగెత్తాను. తెలియని మనిషితో నా అంతట నేను మాట్లాడటం అదే మొదలు. "సార్, ఆ ఒక్క మాట నేను తప్పు రాశాను. కాగితం ఇవ్వండి, దిద్దిస్తాను."

"తప్పేముంది పాపా? ఉన్నదే రాశావు. ముత్యాల్లా ఉంది రాత," అని వెళ్ళిపోయాడు.

పైనుంచి అక్క మెల్లగా పిలిచింది. "కింద ఇప్పుడే చెప్పకే. ఏదో ఒకటి ఆలోచిద్దాం." ఆమె ఏడుస్తోంది. ఆలోచించడానికేమీ లేదని నాకూ తెలుస్తోంది.

అమ్మమ్మ కుట్టు మిషను ఆపి గుమ్మంలో నిలబడి ఉంది. చెక్క గోడ, మెట్ల మీద మాటలన్నీ లోపలికి వినిపిస్తాయి.

"ఎన్నాళ్ళిచ్చారు?"

"వారం."

"రాసిందెవరు? మీ అక్కా?"

అవునంటే సరిపోయేది. "నేనే అమ్మమ్మా."

ఆమె కోప్పడలేదు. "మా తమ్ముడు ఇక్కడ పడుకుంటాడని నీకు తెలీదూ? రోజూ వాడికి పేపరు చదివిపెడతావు కదే."

"మేడ మీద మా గదిలో ఉండండి. నేనూ అక్కా వరండాలో..."

"వాణ్ణి మెట్లెక్కించేదెవరు? దొడ్డికెళ్ళాలంటే దింపేదెవరు? నువ్వా? పరీక్షల ఫలితాలొచ్చాక నువ్వెక్కడుంటావు?"

లోపల్నించి ఆమె తమ్ముడు అడిగాడు. "అక్కా, ఎవరే? మన చిన్నపిల్లేనా? రమ్మను, పేపరొచ్చింది."

"కాదురా, పడుకో," అంది అమ్మమ్మ. నా మొహం చూస్తూనే అంది.

"నేను ఆఫీసుకెళ్తాను. వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. అమ్మమ్మా, ఒక్కసారి నా మాట..."

"మీరంతా మంచివాళ్ళేనే," అందామె. "ఇంటి కోసం చాలా కష్టపడ్డారు."

ఇంకేమైనా అంటుందని చూశాను. తిట్టినా బాగుండేది. తలుపు సగం వేసి ఆగింది. నా వేళ్ళు ఇంకా ద్వారబంధం మీదే ఉన్నాయి.

"చెయ్యి తియ్యవే, నలుగుతుంది."

తీశాను. తలుపు వేసేసింది.