అక్క చెప్పిన పూసలు

ఆ ఆదివారం ఐరాలలోని ఇంట్లో నలుగురున్నారు. వేరుశనక్కాయలు వలుస్తూ అవ్వ దేవకమ్మ, పలకని టేప్ రికార్డరు విప్పుకుని నాయన కృష్ణమూర్తి, తిరుపతి యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ రెండు రోజులకని వచ్చిన భానుశ్రీ, ఆమె చెల్లెలు నవీన. నవీన తొమ్మిదో తరగతి. ఇంట్లో ఉన్నా లేనట్టే, నోరు తెరవదు.

"ఇంతకీ ఆడ ఏం చేస్తాండావు మే?" అని అవ్వ భానుశ్రీని అడిగింది.

"పూసలతో పని అవ్వా."

"ఇంత సదువు సదివి పూసలు గుచ్చుకుంటాండావా!"

నాయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి మరీ నవ్వాడు. భానుశ్రీ చెల్లెలి వైపు తిరిగింది. "ల్యాబుకు వస్తానని పొద్దున్నుంచి నా చున్నీ పట్టుకుని తిరగతాండావు గదా? ఆ పూసలేందో అవ్వకు అర్థమయ్యేట్టు చెప్పు. రేపు తీసకపోతా."

నవీన గబగబా పేజీలు తిరగేసింది. అక్క చెప్పిందంతా డైరీలో రాసుకుంది గానీ, రాసుకున్నది నోటికి రావాలి గదా.

నాయన పక్కనున్న స్పీకరు అయస్కాంతం, ఒక గాజు గ్లాసు తెచ్చుకుని గిన్నెలు కడిగే జాలాడి గట్టున కూచుంది. ఎర్ర కాగితం ముక్కలకు గుండుసూదులు గుచ్చింది. తెల్లవాటిని ఊరికే వదిలింది. అన్నీ నీళ్లలో వేసి కలిపింది.

"మనకు కావాల్సిన డి.ఎన్.ఎ. ముక్కలు ఎర్రవి. వాటికి ముందే ఒక గుర్తు తగిలిస్తారు. ఈ గుండుసూదులే పూసలనుకో. పూసల మీద పూత ఉంటాది. అది ఆ గుర్తును పట్టుకుంటే ఇడవదు. పూసలు కంటికి ఆనవు, అంత సన్నం. వాటిలో ఇనుముంటాది. బయట అయస్కాంతం పెడితే గోడకు అంటుకుంటాయి. మిగతాది వంపేస్తే..." అని నవీన గొణిగినట్టు చెప్పింది.

ఎర్రవన్నీ నిజంగానే గ్లాసు గోడకు అంటుకున్నాయి. నవీన గ్లాసు వంచింది. అందరూ తననే చూస్తున్నారని అప్పుడు గమనించింది. పట్టు తప్పి అయస్కాంతం జారింది. ఎర్రవీ తెల్లవీ కలిసి జాలాట్లోకి పోయాయి.

"నా స్పీకరు ముక్క పగల్లేదు గదా?" అన్నాడు నాయన.

అవ్వ ఒళ్లో పొట్టు దులుపుకుంది. "గంజి వార్చేటప్పుడు మూత మీద చెయ్యి తీస్తారా మే? మూత గట్టిగా పట్టుకుంటేనే గదా అన్నం గిన్నెలో నిలిచేది. నీ అయస్కాంతం గూడా అంతే."

"ఆ మాట తెలుసుకోను నాకు రెండు నెలలు పట్టె," అంది భానుశ్రీ. "రేపు అవ్వనే తీసకపోతా."

"నేనెందుకే, అంత దూరం బస్సులో! నాకు అర్థమయ్యేట్టు చెప్పింది ఇదే గదా."

"ఆడ మా సార్ ఏమన్నా అడిగితే ఇది గొణుగుతా ఉంటే ఎట్లవ్వా?" అంటూ భానుశ్రీ గదిలోకి నడిచింది. నవీన వెంటపడింది.

"చెప్తా."

"ఏందీ?"

"చెప్తా అక్కా."

"గడప గూడా దాటలా నీ గొంతు."

"చెప్తానంటి గదా!"

పక్కింటి మునిరామయ్య ఏమైందోనని గోడ మీదుగా తొంగిచూశాడు.

"అబ్బ, చెవులు పోయినాయి! ఏడు గంటల బస్సు. పోయి రేపటికి పావడా ఉతుక్కో," అని భానుశ్రీ నవ్వుతూ చెల్లెలి మొహం మీదే తలుపు వేసింది.