జాడీ కింద పిలుపు

వేదవల్లికి సేలంలోని ఒక ఆడపిల్లల కాలేజీ నుంచి జీవశాస్త్రం చెప్పే ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. కాగితం లేనిదే గేటు దాటనివ్వరట. ఇంటర్వ్యూ సోమవారం. బుధవారం నాడు అత్తగారు తిమ్మమ్మ ఆ కాగితాన్ని భద్రపరిచింది.

"యాడ పెట్టినారత్తా?"

"ఊరగాయ జాడీ కింద. కాగితం పెట్టినాకనే జాడీ నింపినాను."

వేదవల్లి చతికిలబడింది. ఆ జాడీ కింద తిమ్మమ్మ అత్తగారు, అంటే అవ్వ, తన చేత్తో రాసిన ఊరగాయ కొలతల చీటీ ఉంటుంది. జాడీ నిండుగా ఉన్నంతకాలం చీటీ కనబడదు, కొత్త ఊరగాయ కలపరు. ఖాళీ అయితే జాడీ ఎత్తుతారు, చీటీ కనబడుతుంది, మళ్ళీ కలుపుతారు. మూడు తరాల శాసనం.

"కొంచెం పక్కకు జరుపుతానత్తా."

"నిండు చూలాలినీ నిండు జాడీనీ కదపగూడదే!"

"పోనీ, వేరే గిన్నెలోకి తీద్దామా?"

"ఇల్లు మారిన ఊరగాయ బూజు పడతాది."

"అట్లయితే తిని ఖాళీ చేస్తాం" అన్నాడు మొగుడు గోవిందరాజప్ప. తర్వాత ఆ మాటకు చాలా విచారించాడు.

ఇంకా ఊరని ఊరగాయను ఇడ్లీలోకి తిన్నారు, సంగటిలోకి తిన్నారు, ఉత్తదే తిన్నారు. మామగారు ఎర్రప్ప కన్నీళ్ళతో నమిలాడు. ఎదురింటి పచ్చయమ్మాళ్ వీళ్ళ చేతిలో గిన్నె చూస్తే చాలు, తలుపేసుకునేది.

ఆదివారం మధ్యాహ్నానికి జాడీ లేచింది. నూనె మరకతో పిలుపు వేదవల్లికి దక్కింది. తిమ్మమ్మకు చీటీ కనబడింది. ఆవిడకు తెలుగు చదవను రాదు, అవసరమూ లేదు.

"చీటీ కనబడె. ఏమయ్యో, మావిడికాయలు తెచ్చేది!"

ఎర్రప్ప గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

సోమవారం వేదవల్లి మొరప్పూర్‌లో రైలెక్కింది. ఇంటర్వ్యూలో పెద్దాయన అడిగాడు: బాక్టీరియాలో ఒక ప్రోటీన్ తన తయారీ వివరం ఉన్న జీన్‌ను తానే ఎలా అదుపు చేస్తుంది? కాలేజీలో మూడేళ్ళు బుర్రకెక్కని పాఠం అది. ఇప్పుడు మాత్రం కళ్ళ ముందు జాడీ మెదిలింది.

"నిండుగా తయారయ్యాక వెళ్ళి తన జీన్ మొదట్లోనే కూర్చుంటుందండీ. ఇక ఆ చీటీని ఎవరూ చదవలేరు. ప్రోటీన్ తగ్గిందా, చోటు ఖాళీ అవుతుంది. చదువుతారు, మళ్ళీ తయారవుతుంది."

"చీటీనా?"

"జీన్ సార్" అంది వేదవల్లి. నాలిక ఇంకా మండుతూనే ఉంది.

నెల తిరిగేసరికి ఉద్యోగం ఆర్డరు వచ్చింది. మళ్ళీ ఖాళీ అయిన జాడీ కడిగాక పెరట్లో ఎండలో ఆరుతోంది. తిమ్మమ్మ చెయ్యి చాచింది.

"ఇట్లియ్యి, భద్రంగా పెడతాను."

వేదవల్లి ఆర్డరును చాప మీద పరిచి, దాని మీద కూర్చుంది.

"లెయ్యే!"

"నిండుగా ఉండాను. కదపగూడదత్తా."

చాచిన చెయ్యి వెనక్కి పోయింది. తిమ్మమ్మ ముఖం వెలిగిపోయింది.

"ఎన్నో నెలమ్మా?"