మొకుసోలో పట్టిన నిద్ర

పొద్దుటి నుంచి హోటల్ దుప్పట్లకు ఇస్త్రీ చేసి చేసి, సాయంత్రానికి నా కాళ్లు నావి కాకుండా పోతాయి. ఆ కాళ్లేసుకుని కరాటేకి పోవడమేమిటని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఎదిగిన కూతురు నాతో గడిపేది ఆ ఒక్క గంటే. మిగతా పొద్దంతా దానికి బడి, ఫోను, మూసిన తలుపు.

ఈసారి బెల్టు పరీక్షలో ఇద్దరం గట్టెక్కితే ఇద్దరం పై బ్యాచికి వెళ్తాం. నేను తప్పితే అది పైకి, నేను చిన్నపిల్లలతో ఇక్కడే. వేళలు కూడా వేరు.

తన్నడం, గుద్దడం ఎలాగో వచ్చేశాయి. చావొచ్చిందల్లా ఆ జపాను మాటలతోనే. సెన్సే, అంటే మా మాస్టారు, మాట అనగానే చెయ్యి లేవాలి. నేను కూరలు తరుగుతుంటే కూతురు నాచేత అప్పజెప్పించుకునేది.

"అగె ఉకె అంటే?"

"మొహం మీదికొచ్చే దెబ్బని పైకి ఆపడం."

"గెదాన్ బరాయ్?"

"కింద తగిలే దెబ్బని పక్కకి తోసెయ్యడం. ఇంక వదలవే తల్లీ, బుర్ర వేడెక్కిపోయింది."

"మొకుసో?"

"కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోవడం. అదొక్కటి నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

"సెన్సే యమే అంటే ఆపాలి, లేవాలి. మర్చిపోకు!"

పరీక్షనాడే హోటల్ నుంచి రెట్టింపు బట్టలొచ్చి పడ్డాయి, నా ఖర్మ కాకపోతే! ఒళ్లు పులిసిపోయి వెళ్లాను. సెన్సే అందరినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి "మొకుసో" అన్నాడు. కళ్లు మూశాను. అబ్బ, ఎంత హాయి!

తెరిచేసరికి గోడకి ఒరిగి ఉన్నాను. చిన్నపిల్లలు కిసుక్కుమంటున్నారు. నా కూతురి నడుముకి కొత్త బెల్టు.

"యమే అన్నాక లేవనివాళ్లకి పరీక్ష ఉండదమ్మా. ఇక్కడి పద్ధతి అంతే," అన్నాడు సెన్సే. పాపం, మెల్లగానే అన్నాడు.

దారిపొడుగునా పిల్ల నాకు నాలుగడుగులు ముందు నడిచింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఉన్న ఒక్క గంటా నిద్రకి ధారపోసుకున్నాను కదా!

ఇంటికొచ్చి పొయ్యి దగ్గరికి పోతుంటే కుర్చీ లాగింది.

"కూర్చో."

"వంట నీ తాత చేస్తాడా?"

"కూర్చోమన్నానా! మొకుసో."

కళ్లు మూశాను. కుళాయి తిప్పిన చప్పుడు, ఆ తర్వాత ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని యమే కోసం చూశాను. పిల్ల ఆ మాట అనలేదు.