కచ్చాకుట్టు మాటలు

మా చెల్లిని చిన్నప్పటి నుంచీ అందరూ టపాకాయ అనేవాళ్లు. పెద్దయ్యాక కూడా ఆ పేరు పోలేదు. ఇద్దరం ఒకే గదిలో కుట్టుపని చేసేవాళ్లం. కిటికీ కింద రెండు మిషన్లు, మధ్యలో కత్తిరింపుల బల్ల. పొద్దున నేను దానికి దేవతను. మధ్యాహ్నం ఎవరైనా నా పని బాగుందన్నారంటే, సాయంత్రానికి దెయ్యాన్ని.

"నేనంటే నీకు గిట్టదు, నాకు తెలుసు," అని కత్తెర విసిరికొట్టి వెళ్లిపోయేది. నాకూ నోరు తక్కువేం కాదు. "పో, పీడా విరగడవుతుంది," అనేదాన్ని. ఒకసారి అలాగే వెళ్లి ఆసుపత్రిలో తేలింది.

అక్కడి డాక్టరమ్మ దాని జబ్బు పేరు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ అంది, అయినవాళ్లు వదిలేస్తారన్న భయంతో మనసు క్షణానికో తీరుగా మారిపోతుందట. మందుల కంటే మాటలే ఎక్కువ పనిచేస్తాయట. మాటలతోనే కదా మా కొంప మునుగుతోంది, అనుకున్నాను. అయినా వారం వారం దాని వెంట వెళ్లి కూర్చునేదాన్ని. "అవతలివాళ్ల మనసులో ఏముందో మీరే తేల్చేసుకోకండి. అనిపించింది చెప్పి, అడిగి చూడండి," అని ఆవిడ ఎంత చెప్పినా మా దారి మాదే. ఒకరోజు టపాకాయ ఉన్నట్టుండి నవ్వింది.

"అంటే కచ్చాకుట్టు వెయ్యమంటారా?"

డాక్టరమ్మ తెల్లమొహం వేసింది. చెల్లే విడమరిచి చెప్పింది. కొత్త బట్టని ముందు పొడుగు కుట్లతో వదులుగా పట్టించి, తొడిగి చూస్తాం. సరిపోకపోతే దారం లాగేస్తాం, గుడ్డకేం కాదు.

"అదేనమ్మా నేను చెప్పేది!" అంది ఆవిడ.

ఇక మా గదిలో అదే భాష.

"అక్కా, కచ్చాకుట్టే సుమా. ఆ గౌను నువ్వే తీసుకున్నావు. నా పని నచ్చట్లేదనిపిస్తోంది."

"నీ మొహం. నీ చేతిలో ఇప్పటికే రెండున్నాయని తీసుకున్నా."

"అయితే లాగేశా."

ఒక్కోసారి దారం ఊడేది కాదు. అరిచేది, ఏడ్చేది, తలుపు ధడాలున వేసి పోయేది. కానీ తిరిగొచ్చేది. ఆ మిషన్ల చప్పుడూ దాని గొణుగుడూ తలుచుకుంటే ఇప్పటికీ నా ప్రాణం అక్కడికే పోతుంది. అంత సుఖం మళ్లీ ఎరగను.

నా చూపు మందగించాక గది మూసెయ్యక తప్పలేదు. ఒక్క మనిషితో నడిచేది కాదు. చెల్లికి వేరేచోట పని మాట్లాడాను గానీ, ఆ సంగతి చెప్పడం రోజూ రేపటికి వాయిదా వేసేదాన్ని. మళ్లీ ఆసుపత్రి పాలవుతుందేమోనని భయం. చివరికి చెప్పేశాను.

అది కత్తెర మెల్లగా బల్ల మీద పెట్టింది.

"కచ్చాకుట్టే అక్కా. నన్ను వదిలించుకోడానికే మూసేస్తున్నావనిపిస్తోంది."

"కాదే పిచ్చిదానా. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను."

కళ్లు తుడుచుకుని, "లాగేశా," అంది.

ఈసారి నా వంతు. జన్మలో అనని మాట అన్నాను. "నాదీ ఒక కచ్చాకుట్టుందే. ఈ గది లేకపోతే నువ్విక నా దగ్గరకి రావేమో అనిపిస్తోంది."

టపాకాయ పేలలేదు. నా చేతిలో సూది తీసుకుని, దారం ఎక్కించి ఇచ్చింది.

"లాగెయ్ అక్కా," అంది.