చావిడి కింది గొట్టం

తెల్లారి ఆరింటికి గొడ్లచావిడి గుమ్మంలో మూడు కోడిపిల్లలు చచ్చిపడి ఉన్నాయి. లోపల దూడ లేవడం లేదు.

"కోళ్ళకి కొక్కెర తెగులయ్యా," అంది శౌరమ్మ, పాల తప్పేలా కడుగుతూ. "దూడకేమైందో మరి. నాకూ రెండ్రోజుల్నించీ గేదె కింద కూచుంటే కళ్ళు తిరుగుతున్నయ్. లేచి నిలబడితే బానే ఉంటంది."

ఆ మాటతో ఆమె మొగుడు కృపానందం చూపు చావిడి నేల మీదికి పోయింది.

నలభై ఏళ్ళ కిందట చమురు కోసమని ఎవరో ఊళ్ళో రెండు లోతైన బావులు తవ్వి, ఏమీ పడక, ఇనప గొట్టాల మీద సిమెంటు దిమ్మలు పెట్టి పోయారు. ఒక దిమ్మని కృపానందం పీకి బట్టలుతికే బండ చేసుకున్నాడు. గొట్టాన్ని మట్టితో కప్పి పైన చావిడి వేశాడు. రెండోదాని మీద కాలవ అవతలి తిరుపతిరావూ అదే పని చేశాడు.

పోయినేడు కంపెనీ ఇంజనీరు క్రిస్టినా వచ్చింది. ఫ్యాక్టరీల పొగలోంచి పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ని కిలోమీటరుకి పైగా లోతున, ఉప్పునీళ్ళున్న రాతిపొరల్లోకి ఎక్కిస్తామంది.

"పైన గట్టిరాయి మూతలా ఉంటుందండీ, బయటికి రాదు. పాత బావులుంటే మాత్రం వాటిల్లోంచి పైకొస్తుంది, గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పేరుకుంటుంది. దాచకండి. ముందు వాటిని పూడ్చాలి."

పూడ్చాలంటే చావిడి పడగొట్టాలి. "మా ఇద్దరి స్థలాల్లో లేవండీ," అన్నాడు కృపానందం, పక్కనున్న తిరుపతిరావుని చూపిస్తూ. ఆమె వెళ్ళాక తిరుపతిరావు నవ్వాడు: "గట్టోడివిరా!"

ఎక్కించడం మొదలై నెలైంది.

నూతిలో పూడిక తీయడానికి దిగేముందు కృపానందం నాన్న దీపం దించి చూసేవాడు. అది కొండెక్కితే మనిషి దిగేవాడు కాదు. కృపానందం సమాధుల పండక్కి మిగిలిన కొవ్వొత్తి వెలిగించి, చలికి చుట్టూ పట్టాలు కట్టిన చావిడిలోకి నడిచాడు. ఛాతీ దగ్గర నిలకడగా వెలిగింది. మోకాలి దగ్గర వణికింది. నేలకి జానెడు పైనే ఆరిపోయింది.

ఈలోగా శౌరమ్మ వచ్చి గేదె పొదుగు కింద గొంతుక్కూచోబోయింది.

"కూచోమాకే!" జబ్బ పట్టి బయటికి ఈడ్చాడు. తప్పేలా దొర్లిపోయింది.

"పిచ్చెక్కిందా ఏవయ్యా?"

"పట్టాలు లాగెయ్! వంగమాక!"

ఊపిరి బిగబట్టి గేదె పలుపు కోశాడు, దూడని కాళ్ళు పట్టి లాగాడు. బయట పడ్డాక క్రిస్టినాకి ఫోన్ చేశాడు.

"అమ్మా... ఆ రోజు అబద్ధం చెప్పాను. నా చావిడి కింద గొట్టం ఉంది."

"ఎక్కించడం ఆపిస్తున్నానండీ. మీరు మెరక మీదికి పోండి. ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"తిరుపతిరావుది."

"ఆయనకి చెప్పారా?"

తిరుపతిరావు ఫోను మోగి మోగి ఆగింది. ఈ వేళకి అతను రోజూ గేదె కిందే ఉంటాడు. దాన్ని తిట్టే తిట్లు కాలవ ఇవతలికి వినిపిస్తాయి. కృపానందం మంచులోకి చెవి పెట్టాడు. మనిషి గొంతు లేదు, గేదె అరుపూ లేదు.

చెప్పుల్లేకుండా పరిగెత్తాడు, ఆరిన కొవ్వొత్తి చేతిలోనే ఉంది.