ఇందుమతి ఎర్ర నీడ

నెహ్రూ నగర్‌లో ఇందుమతి రోజూ పొద్దున్నే డాబా మీద బట్టలారేస్తుంది. పిట్టగోడ మీద ఆవిడ నీడ పడుతుంది. అందరి నీడలా నల్లగా కాదు, ఎర్రగా, ఒంట్లో రక్తనాళాలన్నీ సన్నటి దారాల్లా కనబడేలా. వాళ్ళమ్మ నీడా అంతే. పక్క డాబావాళ్ళు చూసి, ఇవాళ రక్తం పల్చబడినట్టుందే అని మాటవరసకి అనేసి కిందకి దిగిపోతారు.

ఆ చలికాలం ఆవిడకి ముక్కుదిబ్బడ పట్టి వదల్లేదు. చీదితే నెత్తురు పెచ్చులు. కీళ్ళ నొప్పులు. కాళ్ళ మీద నొక్కినా మాయని ఎర్ర చుక్కలు. భర్త రమాకాంత్ స్టీల్ ప్లాంటులో పెద్ద ఆఫీసరుగా రిటైరైన మనిషి. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు నడిపినవాడికి ఆడమనిషి ఒళ్ళు ఒక లెక్కా అని ఆయన ధీమా. ముక్కుకి సైనస్ అన్నాడు, కీళ్ళకి వయసన్నాడు, చుక్కలకి వేడి చేసిందని మజ్జిగ తాగమన్నాడు. ఆయనకి తెలియని రోగం లోకంలో పుట్టడానికి సాహసించదు మరి. నీడలో నడుముకి రెండు పక్కలా దారాలు ఉబ్బి ముళ్ళు పడుతున్నాయని ఆవిడ చూపిస్తే, గోడకి చెమ్మెక్కిందని పెయింటర్ని పిలిపించాడు.

మూత్రం డికాక్షన్ రంగుకి తిరిగిన రోజు ఆవిడ ఆయనకి చెప్పడం మానేసి, ఆటో ఎక్కి డాక్టర్ నీలిమ దగ్గరకి వెళ్ళింది. రమాకాంత్ వెనకాలే వచ్చి డాక్టరమ్మకి సైనస్ గురించి పాఠం మొదలెట్టాడు. ఆయన మాట పూర్తికాకుండానే నీలిమ లేచి, కర్టెన్ తీసి, ఇందుమతిని ఎండలో నిలబెట్టింది. గోడ మీద పడ్డ నీడని చాలాసేపు చూసింది.

"ముక్కు, కీళ్ళు, చర్మం, కిడ్నీలు. ఇవి నాలుగు రోగాలు కావు ఆంటీ, ఒక్కటే," అంది. "ఒంటిని కాపాడాల్సిన శక్తి దారితప్పి మన సన్నటి రక్తనాళాల మీదే పడుతోంది. వాటి గోడలు వాచి చిట్లుతున్నాయి. వాస్కులైటిస్ అంటారు, చాలా అరుదు. ఇంకొంచెం ఆలస్యమైతే కిడ్నీలు దక్కేవి కావు."

"అయితే వేడి కాదంటారేటి?" అన్నాడు రమాకాంత్.

"మీరు బయట కూర్చోండి," అంది ఇందుమతి.

రక్తపరీక్షా, రాయ్‌పూర్ పెద్దాసుపత్రిలో కిడ్నీ నుంచి తీసిన చిన్న ముక్కా అదే మాట తేల్చాయి. స్టిరాయిడ్లకి ఆవిడ మొహం ఉబ్బింది, నిద్ర చెడింది. సెలైన్లో ఎక్కించే మందుకి ఒళ్ళంతా నీరసం. అయినా నీడలో ముళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. కిడ్నీలు నిలబడ్డాయి.

రమాకాంత్ మాత్రం వచ్చినవాళ్ళందరికీ తనకి మొదట్నించీ అనుమానమేనని చెప్పుకున్నాడు. ఒక సాయంత్రం క్లబ్బుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు.

"ఇందూ, ఆ రోగం పేరేటన్నావు? అసలు ఎందుకొస్తుందో ఓసారి చెప్పు. మావాళ్ళు అడుగుతున్నారు."

ఆవిడ మంచం మీంచే ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మీకర్థం కాదులెండి," అని అటు తిరిగి పడుకుంది.